పసుపు రంగు నీకు నప్పదు

2018 నవంబరు 12

ఉడతమ్మా,

ఈ డైరీ మీ నాన్నకి మిల్లులో జనవరిలో ఇచ్చారు. అట్ట మీద ఇనప కమ్మీల బొమ్మ ఉందని నువ్వు వద్దన్నావు. అలాగే పడి ఉంది. నేను చదివింది ఐదో తరగతి. పెళ్ళయి రాయపూర్ వచ్చాక క్యాలెండరు మీద గ్యాసు బండ వచ్చిన తేదీ తప్ప ఏమీ రాయలేదు. తప్పులుంటే నవ్వకు.

ఇంట్లో నీ మాట ఎత్తితే మీ నాన్న లేచి చెప్పులేసుకుంటాడు. మీ మేనత్త గంగాభవాని అయితే మాట ఎత్తకముందే కొంగు కళ్ళ దగ్గర పెట్టుకుంటుంది. ఏడవకుండా నీ గురించి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి లేదు. అందుకని ఇది.

ఇవాళ నీ స్కార్ఫులన్నీ డాబా మీద ఎండకి వేశాను. దీపావళికి బీరువా దులపలేదు కదా, పురుగు పడుతుందని. మల్‌మల్‌వి ఒక తాడు మీద, ఉన్నివి ఇంకో తాడు మీద. కోసా పట్టుది నీడలో వేశాను, భయపడకు. కుచ్చులున్నది లోపలే ఉంచాను. బండి మీద కుచ్చులు ఎగిరి కంట్లో పడతాయని నువ్వే దాన్ని పెళ్ళిళ్ళకి పక్కన పెట్టావు.

ఎన్నున్నాయని కాదు, అన్నీ నీలాగే ఉన్నాయి. ఎవరో అలా వరసగా ఆరేసి ఉంటే, మనిషి కనపడకపోయినా ఇది మా అమ్మాయి ఇల్లు అని చెప్పేస్తాను. నీలాలు, ముదురు ఆకుపచ్చ, వంకాయ రంగు, ఆ ఇటుక రంగు ఒకటి. "అమ్మా, షాపులో బట్టని చూడకూడదు, అద్దంలో మన ముఖాన్ని చూసుకోవాలి. ముఖం వెలిగితే కొనాలి. బట్ట వెలిగితే అది షాపువాడిదే, మనది కాదు" అనేదానివి. ఒకటి కొంటే ఒకటి ఎవరికో ఇచ్చేసేదానివి. ఏడాదిపాటు కట్టనిది బీరువాలో ఉండకూడదనేదానివి. నా చీరల్ని చూసి తల కొట్టుకునేదానివి.

మీ అత్త మెట్లెక్కి వచ్చి చూసింది.

"ఏటే శేషమ్మా ఇది. పోయిన పిల్ల గుడ్డలు ఇంట్లో ఉంచుకోకూడదే. అప్పుడే మహానదిలో వదిలీమన్నాను. అది మనసొప్పకపోతే ఎవరికైనా ఇచ్చీ."

"ఎండకి వేశాను వదినా, అంతే" అన్నాను.

నువ్వు వచ్చేసరికి బాగుండాలి కదా అని పైకి అనలేదు.

నవంబరు 13

ఇది రాసి పెట్టుకోవాలి. నోటితో చెబితే ఎవరూ వినడం లేదు.

హోళీ అయిన వారం. సాయంత్రం నువ్వు నయా రాయపూర్ ఆఫీసు నుంచి రావలసిన వేళ. మీ నాన్నకి పోలీసు ఫోను వచ్చింది. లారీ అన్నారు. అంత వెడల్పు రోడ్డు, మనిషి కనపడని రోడ్డు, అక్కడ ఒక లారీకి ఒక స్కూటీయే అడ్డం వచ్చిందట.

ఆసుపత్రిలో మీ నాన్నని లోపలికి తీసుకెళ్ళారు. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఒక నర్సమ్మ నీ బ్యాగు తెచ్చి చూపించింది. నీదే అన్నాను. బండి నంబరు చెప్పారు. నీదే. తర్వాత కవరులోంచి స్కార్ఫు కొస బయటికి తీసి, "ఆప్‌కీ బేటీ కా హై?" అంది.

పసుపు రంగు. మామూలు పసుపు కూడా కాదు, బంతిపూల పసుపు.

నహీ అన్నాను. మా పిల్లది కాదు. మా పిల్ల చామనఛాయ, పసుపు కట్టదు, పసుపు పెట్టుకుంటే పచ్చకామెర్లు వచ్చినట్టు ఉంటుంది. పొద్దున్న నీలంది కట్టుకుని వెళ్ళింది, నేనే కొస కుట్టిన నీలంది. గబగబా తెలుగులో కొంత, హిందీలో కొంత చెప్పాను. ఆవిడ కవరు మూసేసి పట్టుకుపోయింది. ఉడతా, అప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఎవరో తల్లి కడుపు కాలింది, నాది కాదు అనుకున్నాను. అలా అనుకోకూడదు, అయినా అనుకున్నాను. ఇలా కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాను.

మీ నాన్న వచ్చి నా పక్కన కూర్చుని "అమ్మాయే" అన్నాడు.

నాకు ముఖం చూపించలేదు. గుడ్డ చుట్టేసి ఉంది. చూడకూడదన్నారు. అటునుంచి అటే తీసుకెళ్ళారు, ఆడవాళ్ళు రాకూడదన్నారు.

బండి ఎవరికైనా ఇచ్చి ఉంటావు. బ్యాగు డిక్కీలో ఉండిపోయి ఉంటుంది. నీకు ఇచ్చే గుణం ఉంది. ఇది నేను సీరియల్ చూసి అనడం లేదు. నీ స్కార్ఫుల సంగతి నాకంటే తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు?

నవంబరు 20

కూరలకని టాటీబంధ్ చౌక్ దాకా వెళ్ళాను. కూరలకే.

నవంబరు 21

కూరలకి వెళ్ళాను.

ఈ ఊళ్ళో బండి మీద వెళ్ళే పిల్లలందరూ ముఖానికి స్కార్ఫు చుట్టేస్తారు. ఎండకీ, లారీల దుమ్ముకీ. రెండు చుట్లు తిప్పి చెవి వెనక దోపేస్తే కళ్ళు తప్ప ఏమీ కనపడవు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అందరూ నువ్వే. కదిలాక ఎవరూ నువ్వు కాదు. అందుకని నేను కళ్ళు చూడను, రంగు చూస్తాను. నీలం వస్తే కొస చూస్తాను. నీలం దారం అయిపోతే చివర జానెడు మేర ముదురు ఎరుపు దారంతో కుట్టాను కదా. "అమ్మా, ఇలా కుట్టడం ఇప్పుడు ఫ్యాషనే" అని నవ్వావు. అది ఎవరికీ ఉండదు.

ఖాళీ సంచీతో వచ్చాను. మీ నాన్న సంచీ వైపు చూసి పప్పు పెట్టమన్నాడు.

డిసెంబరు 3

ఇవాళ పండరీ బట్టల బజారుకి వెళ్ళాను. ఒక్కదాన్నే, ఆటోలో. చలికాలానికి నీ దగ్గర మంచిది లేదు. ఆ బూడిద రంగు ఉన్నిది పోగులు లేచిపోయింది.

నువ్వు తీసుకెళ్ళే ఆ సందులోని షాపే. తెరలు తెరలుగా వేలాడదీసి ఉన్నాయి. షాపువాడు అన్నీ ముందు కుప్ప పోశాడు. ముదురు ఆకుపచ్చ ఉన్నిది తీశాను. పొడవు సరిపోతుందా అని చేతులు బార చాపి చూసుకున్నాను, రెండు చుట్లు తిరగాలంటావు కదా. అద్దం చూడలేదు. నీ ముఖం లేకుండా అద్దం ఏం చూడను?

ఇంటికొచ్చి బీరువాలో పెట్టాను. ఒకటి తెస్తే ఒకటి ఇవ్వాలి. ఇవ్వలేదు. నువ్వు వచ్చాక నువ్వే ఇయ్యి.

మీ నాన్న మిల్లు నుంచి వచ్చి మంచం మీద కవరు చూశాడు.

"ఎవరికి?"

"దానికి. చలి మొదలైంది కదా."

ఆయన చాలాసేపు బూట్లు విప్పుతూనే ఉన్నాడు.

"శేషూ, నేను చూసినాను. నా పిల్ల పాదం నాకు తెల్దా? చిన్నప్పుడు సైకిలు చక్రంలో పెట్టుకున్న మచ్చ నాకు తెల్దా?"

"మరి ఆ పసుపు స్కార్ఫు ఎవరిది?"

మీ నాన్న బూట్లు తీసుకెళ్ళి గుమ్మం పక్కన పెట్టాడు. రోజూ రాత్రి అన్నం దగ్గర మా ఇద్దరి మధ్యా ఆ ఒక్క ప్రశ్న కూర్చుంటుంది. ఆయన ఏడుస్తూ చూసి ఉంటాడు. ఏడిచే కళ్ళకి ఎవరి పాదమైనా ఒకటే.

డిసెంబరు 18

ఆంధ్రాలో తుఫాను అట. ఇక్కడ ముసురు. స్కార్ఫులు చెమ్మ పట్టి వాసన వస్తున్నాయి, నీ వాసన కాదు, బీరువా వాసన. ఒక్కొక్కటీ ఇస్త్రీ చేశాను. వంకాయ రంగు దాంట్లో ఒక వెంట్రుక దొరికింది. మళ్ళీ దాంట్లోనే పెట్టి మడత పెట్టాను.

2019 జనవరి 9

కొత్త ఏడాది డైరీ మీ నాన్న ఇంటికి తేలేదు. ఇచ్చారో లేదో అడగలేదు. దీంట్లోనే అచ్చు తేదీలు కొట్టేసి రాస్తున్నాను.

మీ అత్త పంతులుగారిని అడిగి వచ్చింది. హోళీ వెళ్ళాక నీ సంవత్సరీకం అట. ఆకు వేసి, నీకు ఇష్టమైనవి వండి పెట్టి, పక్కన కొత్త బట్ట పెట్టాలట.

"బతికున్న పిల్లకి ఆకు వేస్తారా వదినా?"

"పదకొండో రోజునా ఇదే మాటన్నావు. వేసిన ఆకు తీసిపారేసినావు. ఏడాది కావస్తంది, దాని పేరు మీద ఒక్క ముద్ద పెట్టనియ్యలేదు నువ్వు. నలుగురూ ఏటనుకుంటారని కాదే. ఆకలితో తిరుగుతాది పిల్ల."

ఎవరైనా ఏమైనా అననీ. పిచ్చిదంటే పడతాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. నీకు ఆకలికి ఆగడం రాదు. బడికెళ్ళే రోజుల్లో దిండు గలీబులో వేరుశనక్కాయలు దాచుకునేదానివి, అందుకే కదా ఉడతవయ్యావు. పెద్దయ్యాక మరీ ఘోరం. ఒక చెయ్యి స్కార్ఫు చుడుతుంటే ఇంకో చెయ్యి చీలా అట్టు ముక్క నోట్లో పెట్టుకునేది. నిలబడే తినేదానివి. సగం తిని "టైమైపోయిందమ్మా" అని ప్లేటు గట్టు మీద పెట్టి వెళ్ళేదానివి. కూర్చుని తిన్న రోజు నాకు జ్ఞాపకం లేదు.

ఆ రోజు కూడా సగమే తిన్నావు.

ఎక్కడున్నా ఎవరో ఒకరు పెడుతూ ఉంటారు. పెడతారు.

జనవరి 22

కూరలకి వెళ్ళాను.

ఫిబ్రవరి 6

చూశాను.

చూశాను ఉడతా. నీలం. కొస గాలికి ఎగిరింది, చివర ఎరుపు దారం. నేనే కుట్టిన కుట్టు. నా కుట్టు నాకు తెలియదా? వంకరగా పోయి మళ్ళీ సర్దుకుంటుంది.

భిలాయి వైపు నుంచి వచ్చే రోడ్డు, సిగ్నల్ దగ్గర. రెండు లారీల మధ్య ఆగింది. తెల్ల బండి. నేను "ఉడతా" అని అరిచాను. చౌక్ అంతా హారన్లు, అయినా తల తిప్పింది. నన్ను చూసింది. అలా కళ్ళు పెద్దవి చేసి చూసింది. తెలియని మనిషిని అలా చూడరు. నేను రోడ్డులోకి దిగాను. పండ్ల బండివాడు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "మర్‌నా హై క్యా అమ్మా?" అని తిట్టాడు. ఈలోగా సిగ్నల్ పడింది. వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయావు.

మీ నాన్నకి చెప్పలేదు. అన్నం రెండోసారి వడ్డించుకున్నాను. ఆయన వింతగా చూశాడు.

ఫిబ్రవరి 7

పొద్దున్న నుంచీ అక్కడే ఉన్నాను. రాలేదు.

ఫిబ్రవరి 8

రాలేదు. వేరే దారిన వెళ్తోంది. ఎందుకు?

ఫిబ్రవరి 9

ఇల్లంతా సర్దాను. నీ మంచం మీద దుప్పటి మార్చాను. మీ అత్త వచ్చి "పండగేటే?" అంది. నవ్వాను. నేను నవ్వడం చూసి ఆవిడ భయపడింది.

ఫిబ్రవరి 13

ఏమీ రాయను.

ఫిబ్రవరి 15

రాస్తాను.

పదమూడో తారీఖు పొద్దున్న ఆ తెల్ల బండి దానంతటదే వచ్చి, నేను నిలబడే చోట, చెరుకు రసం బండి పక్కన ఆగింది. పిల్ల దిగింది. పొడుగు నీ అంతే. ఒక చుట్టు విప్పింది, రెండో చుట్టు విప్పింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ రెండు చుట్లు విప్పడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు.

నువ్వు కాదు. తెల్లగా, గుండ్రటి ముఖం, ముక్కు పుడక.

"ఆంటీ, మీరు శ్రీ వాళ్ళ మమ్మీ కదా" అంది తెలుగులో. "నేను ఊర్మిళ. చరోడా నుంచి వస్తాను. మా డాడీ రైల్వే. నా తెలుగు కొంచెం గడబడ్‌గా ఉంటుంది, ఏమనుకోకండి."

పేరు తెలుసు నాకు. ఆఫీసులో తెలుగు మాట్లాడే పిల్ల ఒకతె ఉందని, "అమ్మా, అది చింతపండుని ఇమ్లీపండు అంటుంది" అని నువ్వు చెప్పి నవ్వించిన ఊర్మిళ.

"ఈ స్కార్ఫు నీకెక్కడిది?" అన్నాను. ఇంకేమీ అడగలేదు, నువ్వు తిన్నావా అని కూడా అడగలేదు.

ఆ పిల్ల అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. మీ ఇంటికి వచ్చాను ఆంటీ, మూడో రోజున, ఆఫీసు వాళ్ళతో. మీరు పడుకుని ఉన్నారు. లేచి, ఆ పసుపుది మా పిల్లది కాదు, కాదు అంటున్నారు అందరితో. నాకు ధైర్యం చాలలేదు, అంది.

"ఎందుకు?"

"అది నాది ఆంటీ."

లారీ ఏదో వెళ్ళింది. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది.

"ఆ రోజు లంచ్ టైంలో శ్రీ నా స్కార్ఫు తీసి అద్దం ముందు పెట్టుకుంది. మా అమ్మ చూస్తే పచ్చకామెర్లు అంటుంది అని హసీ చేసింది. పక్కన పడేసింది. మళ్ళీ పెట్టుకుంది. ఎప్పుడూ నీలాలే కడుతున్నా, నాకు ఇంకేం నప్పుతాయో నేనెప్పుడూ చూసుకోలేదే అంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు, ఇవాళ ఇది కట్టుకెళ్తా, రేపు ఇస్తా, అమ్మకి చూపించాలి, అమ్మ మొహం ఎలా పెడుతుందో చూడాలి అంది. నాకు ఇది ఇచ్చింది. దుమ్ములో ఉత్త ముఖంతో వెళ్ళొద్దు అని తనే చుట్టింది నాకు."

తర్వాత ఇంకా ఏదో చెప్పింది. సగం విన్నాను. తీసి దాచేద్దామనుకుంటే చేతులు రాలేదట, అందుకని కడుతోందట. మొన్న నేను ఉడతా అని అరిచేసరికి, నువ్వు చెప్పిన ఉడత కథ గుర్తొచ్చి నేనెవరో తెలిసిందట. భయం వేసి వేరే దారిన వెళ్ళిందట.

"మీరు రోజూ ఇక్కడే నిలబడతారని చెరుకు రసం భయ్యా చెప్పాడు ఆంటీ. నేను చెప్పకపోతే ఇలాగే నిలబడతారు. చెబితే మీకు..." అని ఆగిపోయింది.

చెబితే నాకు ఏమీ మిగలదు.

ఇంటికెలా వచ్చానో తెలియదు. సాయంత్రం మీ నాన్న రాగానే గుమ్మంలోనే చెప్పాను, "ఆ స్కార్ఫు ఎవరిదో తెలిసింది" అని. ఊర్మిళ చెప్పిందంతా చెప్పాను. ఆయన గడప మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆయన ఒక్కడే ఏడ్చాడు పాపం.

ఫిబ్రవరి 16

నాకు చూపించడానికే కట్టుకున్నావు.

చూపించావు. కాదన్నాను.

ఫిబ్రవరి 19

బీరువా తెరవలేదు.

ఫిబ్రవరి 27

ఊర్మిళ వచ్చింది. నీలం స్కార్ఫు ఉతికి, ఇస్త్రీ చేసి, కొత్త కవరులో పెట్టి తెచ్చింది. రెండు చేతులతో ఇచ్చింది.

తీసుకుని ముఖానికి ఆనించుకున్నాను. వేరే సబ్బు వాసన. కొబ్బరి నూనె వాసన, నువ్వు నూనే రాయవు. నీది ఏమీ మిగల్లేదు దాంట్లో, నా కుట్టు తప్ప.

ఆ పిల్ల నీ బీరువా తలుపు దగ్గర నిలబడి, "అన్నీ శ్రీవే?" అంది. "ఆకుపచ్చ ఉన్నిది ఎప్పుడూ చూడలేదు నేను."

"అది నేను కొన్నాను."

ఎప్పుడు అని అడగలేదు. ఆకుపచ్చది మెల్లగా సర్ది పెట్టింది. "బాగుంది ఆంటీ. తనకి బాగుండేది" అంది. ఈ ఏడాదిలో నేను చేసిన పిచ్చి పనికి బాగుంది అన్నది ఈ పిల్ల ఒక్కతే.

వెళ్ళేటప్పుడు చూస్తే ముఖానికి ఏమీ లేదు, చున్నీ కూడా లేదు. బయట ఎండ మండుతోంది. నీలంది మళ్ళీ కవరులోంచి తీసి నేనే చుట్టాను. నాకు చుట్టడం రాదు, చెవి దగ్గర వదులైంది. తను సర్దుకుంది.

"ఉంచుకో" అన్నాను. "అది నీకు ఇచ్చినదే."

మార్చి 17

ఊర్మిళతో పండరీ వెళ్ళాను. సంవత్సరీకానికి నీ పక్కన పెట్టడానికి కొత్త బట్ట కావాలి. మీ అత్త చీర పెట్టమంది. నువ్వు చీర ఎప్పుడు కట్టావు? స్కార్ఫు పెడతానంటే "ఆ గుడ్డ పేలికేటే" అంది. మీ నాన్న "దానికి నచ్చింది పెట్టనీ అక్కా" అన్నాడు. నీ గురించి వాళ్ళక్క ముందు ఆయన పైకి మాట్లాడిన మొదటి మాట అది. చెప్పులేసుకోలేదు.

నీలమే అనుకుని వెళ్ళాను. షాపువాడు నీలాలు అన్నీ దింపాడు. ఆకాశం నీలం, నెమలి నీలం, నల్లగా కనపడే నీలం. ఒక్కటీ చెయ్యి పెట్టి తీయబుద్ధి కాలేదు. పై వరసలో పసుపు వేలాడుతోంది. బంతిపూల పసుపు. ఊర్మిళ అటు చూసి చప్పున తల తిప్పేసుకుంది. అది చూసి తెలిసింది నాకు, అదే రకమని.

అది దింపమన్నాను.

"ఎవరికి మాజీ? బేటీకా? రంగు ఎలా ఉంటుంది పిల్ల?" అన్నాడు హిందీలో.

"నా రంగే."

"అయితే చూసుకోండి" అని నా తల మీంచి కప్పి, అద్దం ముందుకి తోశాడు.

ఉడతా, నేను అద్దంలో ఎప్పుడూ బొట్టు వరకే చూసుకుంటాను. ఇవాళ ముఖం చూశాను. నీ ముక్కు, నీ గడ్డం. మాడిపోయిన ముఖమే, అయినా ఆ పసుపు పడగానే లోపల ఎవరో దీపం పెట్టినట్టయింది. బట్ట కాదు వెలిగింది. ముఖం.

నప్పేది నీకు. ఇన్నేళ్ళూ నప్పదు నప్పదని నేనే అన్నాను, నువ్వు నమ్మావు, చివరికి ఒక రోజు నమ్మడం మానేశావు.

షాపువాడు కడుతూ, "పిల్లకి నచ్చకపోతే వారంలోగా తెండి, మార్చి ఇస్తాను" అన్నాడు.

"మార్చక్కర్లేదు" అన్నాను. "వో అబ్ నహీ హై."

మొదటిసారి అన్నాను. తెలుగులో ఇంకా అనలేదు. వాడు ముడి వేసిన కవరు మళ్ళీ విప్పి, స్కార్ఫుని మెత్తటి కాగితంలో చుట్టి, అప్పుడు ఇచ్చాడు. ఊర్మిళ నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

మార్చి 24

నీ బీరువాలోంచి ఊర్మిళ వాళ్ళ ఆఫీసు పిల్లలకి కొన్ని ఇచ్చాను. ముఖం పక్కన పెట్టి చూసి, నప్పిన పిల్లకే ఇచ్చాను. ఇటుక రంగుది ఎవరికీ నప్పలేదు, ఉంచాను. వంకాయ రంగుది ఇవ్వను. అది అడగొద్దు.

మార్చి 27

ఇవాళే.

పొద్దున్నే మీ అత్త వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది. నేను బియ్యప్పిండి కలుపుతుంటే చూసి, "ఆకులో చీలాలేటే? గారెలు, పులిహోర, పాయసం వండాలి గాని" అంది.

"అది గారె ముట్టదు వదినా. నూనె అంటుంది."

"తద్దినానికి చీలాలు పెట్టిన ఇల్లు నేనెక్కడా చూడలేదు."

"ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగింది. అదేం తింటుందో అదే పెడతాను."

ఆవిడ కాసేపు గొణిగింది. తర్వాత తనే పీట వేసుకుని టమాటాలు కోసింది, పచ్చడికి. గారెలకి కూడా పప్పు నానబోసి తెచ్చింది, నాకు తెలియకుండా. అవీ వేశాము. మీ అత్త కోసం ఒకటి కొరుకు.

నీ ఫోటో గోడకి పెట్టాం. దండ మీ నాన్న వేశాడు, ఊర్మిళ స్టూలు పట్టుకుంది. కింద ఆకు వేశాను. ఈసారి నేనే వేశాను. చీలాలు, టమాటా పచ్చడి, గారె, కొంచెం పెరుగన్నం, చివర గుప్పెడు వేయించిన వేరుశనగలు. పక్కన పసుపు స్కార్ఫు మడత విప్పి పెట్టాను, రంగు పూర్తిగా కనపడాలని. పెట్టిన బట్ట ఇంట్లో మనిషి కట్టుకోవాలట. నన్నే కప్పుకోమంది మీ అత్త. కప్పుకుంటాను. కూరలకి వెళ్ళేటప్పుడు.

అన్నీ వడ్డించి, అందరం బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాం. పోయినవాళ్ళు వచ్చి తినే వేళ ఎవరూ చూడకూడదట. మీ నాన్న గేటు దగ్గర నిలబడ్డాడు. మీ అత్త, ఊర్మిళ మెట్ల మీద కూర్చున్నారు. ఆ పిల్ల మీ అత్తకి చింతపండుని ఏమంటారో అడుగుతోంది. నేను గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, ఈ డైరీ మోకాళ్ళ మీద పెట్టుకుని రాస్తున్నాను. ఇంక పేజీలు లేవు.

లోపల చప్పుడేమీ లేదు. ఫ్యాను వేసే ఉంచాను, నీకు ఉక్క పడదు కదా.

నిన్ను ఏడాదిపాటు ఆకలితో ఉంచాను తల్లీ. బతికే ఉన్నావనుకున్నాను. అందుకే పెట్టలేదు. ఇప్పుడు పెట్టాను.

తలుపు నేను ఇప్పుడప్పుడే తీయను. ఇవాళ ఆఫీసు లేదు. ముఖానికి ఏదీ చుట్టుకోనక్కర్లేదు. నిలబడొద్దు, పీట వేసే ఉంది. కూర్చుని, కడుపు నిండా తిను.